బుస్సీ దొర టోపీ

మా భోజనాల బల్ల మీద ఇప్పుడు కూర గిన్నె పెట్టడానికి చోటు లేదండీ. నెపోలియన్ దండు దిగింది. ఒక్కో బొమ్మ ఎత్తు 28 మిల్లీమీటర్లు, నా బొటనవేలి కణుపంత.

మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో ఏడు మధ్యలో మానేసి వచ్చేశాడు. ఎందుకో ఇక్కడ రాయను, అది వాడి సంగతి. మావారు సోషల్ మాస్టారు. ఆ రోజు నుంచి కొడుకుతో మాట మానేశారు. వాడు పక్కనే కూర్చుని ఉండగా "వాణ్ణి తినమను" అని నాతో చెప్తారు. నాలుగు నెలలు అలాగే గడిచాయి. ఆ రోజుల్లోనే వాడు ఈ బొమ్మలు తెప్పించుకున్నాడు. పాచికలు వేసి, టేపుతో కొలిచి, బల్ల మీద ఆడే యుద్ధాలట. ఆట నా బుర్రకెక్కలేదు గానీ రంగులేయడం ఎక్కింది.

ముందు సబ్బునీళ్లతో కడగాలి, అచ్చు జిడ్డు పోవాలి కదా. తర్వాత ప్రైమరు. తెల్ల బట్టలకి మొదట్నుంచీ తెలుపే వేస్తే గోడకి సున్నం కొట్టినట్టు ఉంటుంది. బూడిద రంగు వేసి, ఎత్తుగా ఉన్నచోట మాత్రమే తెలుపు తాకించాలి. పల్చటి ముదురు రంగు పూస్తే అది మడతల్లోకి దిగి నీడవుతుంది. సాలూరులో లారీ బాడీల మీద పువ్వులూ పేర్లూ రాసే పెద్దాయన ఒకాయన, సన్న గీతకి ఊపిరి వదిలేశాక చేయి కదపమని చెప్పాడు. ముగ్గులేసిన చేయి నాది, పెద్దగా వణకదు. కాళ్ల కింద నేలకి మాత్రం మన వేగావతి ఇసుకే!

ఎవరికి ఏ రంగో చదువుతుంటే సరదా పుట్టింది. మార్షళ్ల కోట్ల నిండా బంగారు జరీ, వాళ్లందరికీ పైవాడైన నెపోలియన్‌కి మాత్రం మామూలు ఆకుపచ్చ కోటు, పైన బూడిద రంగు ఓవర్‌కోటు, జరీ లేని నల్ల టోపీ. 1815లో వాటర్లూలో ఇంగ్లీషు సైన్యం చాలావరకు ఎరుపైతే, దాన్ని నడిపిన వెల్లింగ్టన్ ముదురు నీలం కోటులో ఉన్నాడు. (1799లో శ్రీరంగపట్నం మీదికి వచ్చిన వెల్లెస్లీ ఈయనే.) ఆల్ప్స్ కొండలు దాటే నెపోలియన్ బొమ్మ మీరూ చూసే ఉంటారు, ముందుకాళ్లెత్తిన గుర్రం మీద. నిజానికి 1800లో ఆయన దాటింది కంచరగాడిద మీద. చిత్రకారుడు డేవిడ్ గుర్రమెక్కించాడు.

ఇది చదివాకే మావాడన్నాడు, "అమ్మా, మన బొబ్బిలి చేద్దామా?" అని.

మా ఇంట్లో ఆ మాట తేలిక కాదండీ. నా పుట్టిల్లు బొబ్బిలి, మా అత్తగారిది విజయనగరం. నాకు 1757 జనవరి 24 అంటే కోట కూలిన రోజు. ఆవిడకి బొబ్బిలి కథంటే వాళ్ల రాజుగారిని ఊరంతా తిట్టిపోసే కథ. సినిమా వచ్చినప్పుడల్లా ఎన్టీఆర్ రంగారాయుడికీ, ఎస్వీఆర్ పాపారాయుడికీ నేను కళ్లు తుడుచుకుంటుంటే ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయేవారు.

విజయరామరాజు బొమ్మ చేతికొచ్చినప్పుడు వెనకే నిలబడ్డారు. "ఏటమ్మా, మా రాజుగారికి రాక్షసుడి మొకం పెడతావేటి?" అన్నారు. లేదండీ, పెట్టలేదు. కనుబొమ్మలు అంత చిన్న మొహంలో కిందికి దించితే దుర్మార్గుడు, కొంచెం ఎత్తితే పెద్దమనిషి. వెంట్రుకవాసి తేడా. రంగారాయుడికి ఎంతసేపు కూర్చున్నానో ఈయనకీ అంతసేపు కూర్చున్నాను. నడికట్టుకి వంకాయ రంగు అత్తగారే ఎంచారు. యుద్ధమయ్యాక మూడు రోజులకే డేరాలో పాపారాయుడి చేతిలో పోయిన మనిషి, ఆయన ఇంట్లోనూ ఏడ్చిన ఆడవాళ్లుంటారు కదా.

ఇక బుస్సీ. మావాడు నెపోలియన్ పెట్టెలో మిగిలిన తలొకటి తెచ్చి అతికించాడు. మావారు మజ్జిగ గ్లాసుతో అటు పోతూ ఆగారు.

"1757లో ఆ టోపీ ఎక్కడిది? నెపోలియన్ పుట్టిందే 1769లో. బుస్సీకి మూడు మూలల టోపీ ఉండాలి."

గోడతో అన్నారో, కొడుకుతో అన్నారో తెలీదు. వాడు తలెత్తకుండా "అయితే వెనక మూల పైకి మడవాలా నాన్నా?" అన్నాడు. "మూడూ మడవాలి," అన్నారాయన. వాడు చాకుతో తల కోసేశాడు, బొమ్మదేనండోయ్. ఆ రాత్రి పదకొండింటిదాకా పుట్టీతో టోపీ చేశారిద్దరూ. నేను అటు వెళ్లలేదు. గిన్నెలు తోముతూ కుళాయి చప్పుడు తగ్గించి విన్నాను.

ఒకటి మాత్రం నాకు నచ్చలేదు. ఆ పెట్టెల్లో ఎక్కడా ఆడవాళ్లు లేరు. బొబ్బిలి కోటలో ఆ రోజు ముందు పోయింది ఆడవాళ్లూ పిల్లలే, అదీ సొంత మనుషుల కత్తులకి. ఒక ముసలాయన మాత్రం తండ్రి ఆజ్ఞ కాదని రంగారాయుడి కొడుకుని బతికించి, లా అనే ఫ్రెంచి అధికారి ముందుకు తెచ్చాడని రాబర్ట్ ఓర్మ్ రాశాడు. మిగిలిన పుట్టీతో ఆ ముసలాయన్నీ పిల్లాణ్ణీ నేనే చేశాను. వంకర టింకరగానే వచ్చారు. "అమ్మా, ఆటలో వీళ్లకి పాయింట్లుండవు," అన్నాడు మావాడు. ఉండకపోతే పోనీ, బల్ల మీద ఉండనీ అన్నాను.

మావారు దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. పిల్లాడి చొక్కాకి ఏ రంగని అడిగారు.

పాపారాయుడు ఇంకా ప్రైమరుతోనే ఉన్నాడు. మీసం ఎస్వీఆర్‌లా ఉండాలో వద్దో తండ్రీకొడుకుల మధ్య తెగడం లేదు.