కాశీకి బస్సులో... పుణ్యమెంత? పొగెంత?

కాశీకి వెళితే కాయో పండో వదిలేసి రావాలంటారు పెద్దవాళ్ళు. మా అత్తయ్యగారు జామపండు వదిలారు. మా ఎదురింటి పిన్నిగారు కాకరకాయ వదిలారు (ఆవిడకి అదెటూ పడదు లెండి!). నేనేం వదిలానో చివర్లో చెబుతాను. ఈలోగా, మనం వదలాలనుకోకుండానే దారిపొడుగునా వదిలేసి వచ్చేవాటి గురించి మీతో కాసేపు మాట్లాడాలి.

పోయిన కార్తీకంలో మా కాలనీవాళ్ళం 38 మందిమి కలిసి ఒక పెద్ద ఏసీ బస్సు మాట్లాడుకుని కాశీయాత్ర చేశాం. ఇద్దరు డ్రైవర్లు, ఒక వంటమాస్టరు, ఆయనకో సహాయకుడు. డిక్కీలో బియ్యం, పప్పులు, పచ్చళ్ళ జాడీలు, గ్యాసు పొయ్యి. హైదరాబాదు నుంచి ప్రయాగ, కాశీ, గయ చూసుకుని తిరిగి హైదరాబాదు... పది రోజులు, సుమారు 3,000 కిలోమీటర్లు.

బస్సు ఇంటి ముందుకొచ్చి నిలబడినప్పుడు మా అమ్మాయి దాన్ని ఎగాదిగా చూసి, "అమ్మా, ఇంత పెద్ద బండి మూడు వేల కిలోమీటర్లు పొగ వదులుకుంటూ పోతే గంగలో ఎన్ని మునకలు వేస్తే సరిపోతుందే?" అంది. కాలేజీ పిల్ల కదా, దానికి అన్నీ ప్రశ్నలే! నవ్వేసి బస్సెక్కాను గానీ ఆ మాట మాత్రం నాతోపాటే సీట్లో కూర్చుంది.

లెక్క చూద్దాం రండి

మనం పాలలెక్క, పచారీ లెక్క రాసేవాళ్ళమే కదా. ఇదీ అంతే. మా డ్రైవరు చెప్పిన ప్రకారం ఆ బస్సు లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఇస్తుంది. అంటే మా యాత్రకి 750 లీటర్ల డీజిలు. ఒక లీటరు డీజిలు కాలితే సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. లీటరు డీజిలు కిలో కూడా తూగదు, అంత వాయువు ఎలా వస్తుందంటారా? డీజిల్లోని కర్బనం గాలిలోని ఆక్సిజన్ని కలుపుకుంటుంది. ఆ బరువంతా దాని మీద చేరుతుంది. మొత్తం రెండు వేల కిలోలు దాటింది! వింటే గుండె గుభేలుమంటుంది కదూ?

కంగారుపడకండి. దాన్ని 38తో భాగించండి. మనిషికి 53 కిలోలు. ఇంకా అర్థమయ్యేలా చెప్పనా? మనింట్లో 14.2 కిలోల గ్యాసు సిలిండరు పూర్తిగా కాలితే 42 కిలోల దాకా వస్తుంది. అంటే కాశీకి వెళ్ళి రావడానికి నా వంతు పొగ ఒకటింబావు సిలిండరు.

అదే నలుగురం కారులో వెళ్ళామనుకోండి, లీటరుకి 15 కిలోమీటర్ల చొప్పున 200 లీటర్ల పెట్రోలు. తలకి 115 కిలోలు, రెండున్నర సిలిండర్ల పైమాటే. ఇద్దరే వెళితే ఐదు దాటుతుంది. విమానమైతే బస్సుకంటే ఇంకా ఎంతో ఎక్కువ. రైలుది అన్నిటికంటే తక్కువ. మన బ్రాడ్‌గేజి లైన్లన్నీ దాదాపు కరెంటువైపోయాయి. ఆ కరెంటు చాలావరకు బొగ్గు నుంచి వచ్చినా, ఒక్క ఇంజను వెయ్యిమందికి పైగా లాగుతుంది కాబట్టి మనిషి వంతు తగ్గిపోతుంది.

ఇందులో ఒక కిటుకుంది, గమనించారా? మా బస్సులో 38 మందికి బదులు 19 మందే ఎక్కి ఉంటే తలవంతు 106 కిలోలు దాటేది. నిండుగా ఉన్న కారుకీ దానికీ పెద్ద తేడా లేదు. బస్సు పెద్దదా చిన్నదా అన్నదాని కంటే సీట్లు నిండాయా లేదా అన్నదే అసలు సంగతి.

మరి రైల్లోనే వెళ్ళొచ్చుగా అంటారేమో. సికింద్రాబాదు నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఉంది, నిజమే. కానీ అది కాశీ స్టేషనుకి పోదు. దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్లో (మన పాత మొఘల్‌సరాయి, 2018లో పేరు మార్చారు) దిగి, మళ్ళీ బండి చూసుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్యగారికి ఆ ప్లాట్‌ఫారం మెట్లు తలచుకుంటేనే భయం. మా బృందంలో అరవై దాటినవాళ్ళు సగానికి సగం. ఒంటరిగా ఇల్లు కదలనివాళ్ళు అరడజను మంది. వాళ్ళకి బస్సు లేకపోతే కాశీయే లేదు. ఈ మాట కూడా లెక్కలో రాయాలి.

దారిలో...

నిర్మల్ దగ్గర సోన్ వంతెన మీద అందరం గోదావరికి దణ్ణం పెట్టాం. పెన్‌గంగ దాటి మహారాష్ట్రలో పడ్డాం. నాగపూరు తర్వాత పెంచ్ అడవి వస్తుంది. అక్కడ 44వ నంబరు జాతీయ రహదారిని అడవి జంతువుల కోసం స్తంభాల మీద ఎత్తి కట్టారు. పైన మనం, కింద పులులూ దుప్పులూనూ. కింద కెమెరాలు పెట్టి చూస్తే పులులు నిజంగానే ఆ దారిన నడుస్తున్నాయట. మా పిన్నిగారు కిటికీలోంచి ఎంత తొంగిచూసినా ఒక్కటీ కనబడలేదు. రోడ్డు వేసినవాళ్ళు పులి నడకని గుర్తుపెట్టుకున్నారని నాకు ముచ్చటేసింది.

ఆ ముచ్చట ఒక్కపూట కూడా నిలవలేదు. లఖ్నాదోన్ దాటాక ఒక చెరువుగట్టున చెట్ల నీడలో మధ్యాహ్న భోజనానికి ఆపారు. పులిహోర, వంకాయకూర, పెరుగన్నం. తళతళలాడే వెండిరంగు కాగితప్పళ్ళేలు, ఎవరి నీళ్ళ సీసా వారిది. తినడం పూర్తయి చేతులు కడుక్కునేసరికి మా వంట కుర్రాడు ఎంగిలి పళ్ళేలన్నీ గట్టు దిగువకి గుమ్మరించేశాడు. అక్కడ అంతకుముందు బస్సులవాళ్ళవీ కుప్పగా ఉన్నాయి.

ఒక గోనెసంచీ పట్టుకుని అక్కడికో ఆవిడ వచ్చింది. నా వయసే ఉంటుంది. మమ్మల్ని ఏమీ అనలేదు. ఒంగి ఒక్కొక్క పళ్ళెమూ ఏరడం మొదలుపెట్టింది. నాకు వచ్చిన హైదరాబాదీ హిందీలో "అమ్ముకుంటావా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. ఇవి ఎవరూ కొనరట. పోయినేడు వాళ్ళ దూడ చచ్చిపోతే పొట్టలోంచి ప్లాస్టిక్ ముద్దలు ముద్దలుగా వచ్చిందట. పెరుగూ ఉప్పూ అంటిన పళ్ళేన్ని పశువు విడిచిపెట్టదు కదా. అందుకని బస్సు ఆగినప్పుడల్లా పశువుల కంటే ముందు తనే వస్తుందట.

మా అత్తయ్యగారికి హిందీ ముక్క రాదు. అయినా అంతా అర్థమైనట్టుంది. మోకాళ్ళు పట్టుకునే గట్టు దిగి ఆవిడ పక్కన ఏరడం మొదలుపెట్టారు. ఇక మేమెవరం బస్సులో కూర్చోగలం చెప్పండి? అరగంటలో మా పళ్ళేలూ, వాటితోపాటు పాతవి కొన్నీ మూడు గోనెసంచులయ్యాయి. జబల్పూరులో బస చేసినచోట చెత్తబండికి అప్పగించాం. సెలవు తీసుకునేటప్పుడు అత్తయ్యగారు ఆవిడకి పసుపూ కుంకుమా ఇచ్చారు. ఇంకేం ఇవ్వగలం?

ఆ రాత్రి పంచాయితీ

జబల్పూరు సత్రంలో ఆ రాత్రి ఆడవాళ్ళమంతా కూర్చున్నాం. రోజుకి మనిషికి రెండు సీసాల చొప్పున పది రోజులకి 760 సీసాలు! అందులోనూ సగం సగం తాగినవే. మీకు తెలియనిదేముంది, దారిలో సరైన మరుగుదొడ్డి దొరకదని మనం ఆడవాళ్ళం బస్సెక్కితే నీళ్ళే మానేస్తాం. గుటకేసి పక్కన పెట్టిన సీసా వేడెక్కిందని పారేసి ఇంకోటి తెరుస్తాం.

మర్నాడు భేడాఘాట్‌లో నర్మద పాలరాతి గోడల మధ్య నుంచి పారడం చూసి, తిరిగొచ్చేదారిలో బజారుకి వెళ్ళాం. మూడు 20 లీటర్ల క్యానులు, ఆకు విస్తళ్ళ కట్టలు, లేనివాళ్ళకి స్టీలు గ్లాసులు కొన్నాం. అన్నీ సాఫీగా జరిగాయని చెప్పను. ప్రయాగలో విస్తళ్ళు అయిపోయి మళ్ళీ కాగితప్పళ్ళేలే కొన్నాం. అయితే ఈసారి కడిగి, మూటగట్టి వెంట తెచ్చాం. క్యాను నీళ్ళు పడవేమోనని ఇద్దరు భయపడితే వంటమాస్టరు రాత్రిపూట నీళ్ళు కాచి చల్లార్చి పెట్టాడు. దానికీ గ్యాసు ఖర్చేగా అంటారా? ఖర్చే. కానీ వాళ్ళిద్దరికీ మాత్రమే కాచాం, అందరికీ కాదు.

ఇంకొకటి ఇంజను. భోజనానికి ఆగినా, గుడికెళ్ళినా ఏసీ కోసం ఇంజను నడుస్తూనే ఉండేది. డ్రైవర్ని అడిగితే, "గంటకి రెండు మూడు లీటర్లయినా పోతుందమ్మా. ఆపితే మళ్ళీ మీరే ఉక్క అంటారు!" అన్నాడు. తప్పు మాదే మరి! ఆ రోజు నుంచి బస్సు ఆగితే ఇంజనూ ఆగాలని ఒప్పందం చేసుకున్నాం. కార్తీకమాసం కదా, కిటికీ తీస్తే చాలు.

కాశీలో

కాశీ సందుల్లోకి పెద్ద బస్సు రాదు. ఊరి బయటే దిగి బ్యాటరీ రిక్షాల్లో వెళ్ళాం. మానససరోవర్ ఘాట్ దగ్గరి ఆంధ్రాశ్రమం చేరేసరికి తెలుగు మాటలు వినబడి ప్రాణం లేచొచ్చింది. గంగలో పడవలు చాలావరకు డీజిలు మాని సీఎన్‌జీకి మారాయి. వాటికి గ్యాసు నింపే స్టేషను కూడా నీళ్ళమీదే తేలుతూ ఉంటుంది. ఘాట్ల వెంట తెల్లవారుజామున పడవలో వెళుతుంటే డీజిలు కంపు లేకుండా హాయిగా ఉంది.

అన్నట్టు, ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో మద్రాసు నుంచి బయల్దేరి, ఇంచుమించు మనం వెళ్ళే హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు దారినే కాశీకి వెళ్ళారు. ఇల్లు చేరింది 1831 సెప్టెంబరులో. పదిహేను నెలల పైన! డీజిలు చుక్క లేదు, నిజమే. కానీ ఆయన పల్లకీని మోసింది మనుషుల భుజాలు. వెనక్కి పోదామని నేననను. ముందుకే పోదాం, కాస్త చూసుకుని పోదాం అంటాను.

బ్యాటరీ బస్సులొచ్చాయి కదా అని మా అమ్మాయి అంటుంది. తిరుపతి నుంచి తిరుమల కొండకి 2022 నుంచి ఎలక్ట్రిక్ బస్సులు నడుస్తున్నాయి. కొండ దిగేటప్పుడు బ్రేకు వేస్తే ఆ శక్తిలో కొంత తిరిగి బ్యాటరీలోకే పోతుంది. చిన్నదూరం, రోజూ అదే దారి, చార్జింగు పెట్టే చోటు తెలుసు. అందుకే అక్కడ కుదిరింది. మూడు వేల కిలోమీటర్ల యాత్రకి అంత సులువు కాదు. అందాకా మనచేతిలో ఉన్నది మనం చేసుకోవాలి.

బస్సు మాట్లాడుకునే ముందు...

* సీట్లు నిండేవరకు తేదీ ఖాయం చేయకండి. ఇరవైమందే ఉంటే చిన్న బస్సు చాలు.
* 2020 ఏప్రిల్ తర్వాత అమ్మిన బస్సులు బీఎస్-6 రకం. మసీ, విషవాయువులూ బాగా తక్కువ. బొగ్గుపులుసు వాయువు మాత్రం తగ్గదు, అది డీజిలు లెక్కే.
* ఆగినప్పుడు ఇంజను ఆపాలని ముందే డ్రైవరుతో మాట్లాడుకోండి.
* ఇంటికో స్టీలు సీసా, గ్లాసు, పళ్ళెం. బస్సుకి క్యానులు, చెత్తకి రెండు గోనెసంచులు.
* గ్యాసు సిలిండరు బస్సులో మోయకండి. మేం మోశాం, అది తప్పే. 2023 ఆగస్టులో మదురైలో యాత్రికుల రైలుపెట్టెలో సిలిండరు వల్ల మంటలు లేచి తొమ్మిదిమంది పోయారు. వంట సత్రాల్లోనే చేయించుకోండి. దారికి పులిహోర, దద్దోజనం, చపాతీలు చాలు.
* ఒంట్లో ఓపికున్నవాళ్ళు రైలుకే ఓటెయ్యండి. 2023 మార్చి నుంచి సికింద్రాబాదులో బయల్దేరి పూరీ, కాశీ, అయోధ్య తిప్పుకొచ్చే భారత్ గౌరవ్ యాత్రారైళ్ళు కూడా వేశారు.

ఇంటికొచ్చాక మా అమ్మాయికి లెక్కల కాగితం చూపించాను. "బస్సు చెడ్డదేం కాదే. నిండుగా ఎక్కి, ఆగినచోట ఆపి, మన ఎంగిలి మనం మోసుకొస్తే కారుకంటే నయం. రైలుకంటే మాత్రం కాదు" అన్నాను. అది కాగితం తిరగేసి, "మరి దూడ ఎందులో రాశావమ్మా?" అంది. దానికి నా దగ్గర అంకె లేదు.

కాశీలో నేనేం వదిలానో చెబుతానన్నాను కదా. గంగలో నిలబడి కొన్న నీళ్ళ సీసా వదిలేశాను. జామపండు వదలడమే తేలిక సుమండీ! మొన్న పెళ్ళికెళితే పళ్ళెంలో విస్తరి పక్కనే బుల్లి సీసా పెట్టారు. దాహం వేస్తోంది. చెయ్యి దానిమీదికే పోయింది. అంతలో గోనెసంచీ పట్టుకున్న ఆవిడ గుర్తొచ్చింది. లేచి వెళ్ళి, వంటవాళ్ళ బిందెలోంచి గ్లాసుడు ముంచుకు తాగాను.