కేదార్‌కంఠ మంచులో మడమ పాఠం

నడవడం కూడా ఒకరు నేర్పాలా అనుకున్నాను, సాంక్రీలో గైడు మా బూట్లకి మైక్రోస్పైక్స్ తొడిగించేదాకా. డెహ్రాడూన్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు, రోజంతా జీపులోనే. కేదార్‌కంఠ ఎత్తు 12,500 అడుగులు. మొదటిసారి మంచు తొక్కేవాళ్లు చాలామంది ఇక్కడికే వస్తారు.

గడ్డకట్టిన జూడా కా తాలాబ్ పక్కన, వాలులో పాఠం మొదలైంది. ఎక్కేటప్పుడు బూటు ముందు భాగంతో మంచుని తన్ని మెట్టు చేసుకోవాలి. దిగేటప్పుడు మడమ గట్టిగా దింపాలి. భయపడి వెనక్కి వాలామా, జారినట్టే! కోనసీమలో వరిగట్ల మీద పెరిగిన కాళ్లు కదా, నాకు ధీమా ఎక్కువ. మూడుసార్లు పడ్డాను.

కాటన్ బనియన్ వద్దన్నాడు. చెమటకి తడిస్తే తొందరగా ఆరదు, ఒళ్లు చల్లబడిపోతుంది. నీళ్ల సీసా తలకిందులుగా పెట్టమన్నాడు. ఐసు పైకి తేలుతుంది కాబట్టి మూత దగ్గర గడ్డకట్టదట. ఇన్నేళ్లొచ్చినా నాకిది తట్టలేదు.

తెల్లవారుజామున మూడింటికి శిఖరానికి బయల్దేరాం. గంట గడిచేసరికి తల పగిలిపోతోంది, కడుపులో వికారం. ఇంత ఖర్చుపెట్టి వచ్చాం కదా అని నోరు మెదపలేదు. మా ఆవిడ కనిపెట్టేసింది.

"ఏమండీ, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

గైడు రెండో మాట లేకుండా తన సహాయకుణ్ణి తోడిచ్చి మా ఇద్దర్నీ వెనక్కి పంపేశాడు. ఎత్తు పడకపోతే ముందు కిందికి దిగాల్సిందేనట. క్యాంపుకి చేరేసరికి నొప్పి సగం తగ్గింది. టీ తాగుతూ, ఎండ పడుతున్న కొండల్ని అక్కణ్ణుంచే చూశాం.

దిగేటప్పుడు మాత్రం ఒక్కసారి కూడా జారలేదండోయ్.