తాతగారి పరుపు

మా తాతగారు మదనపల్లె వదిలి బెంగళూరు వచ్చింది నూలు వ్యాపారానికి. అప్పటినుంచీ మాకు గడప లోపల తెలుగు, గడప దాటితే కన్నడం. ఆయన కట్టించిన ఇల్లు బసవనగుడిలో, దొడ్డ బసవణ్ణ గుడికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. 1898లో ఊరికి ప్లేగు వచ్చాక, ఇరుకు పేటల్లోని జనం గాలీ వెలుతురూ వెతుక్కుంటూ వచ్చి స్థిరపడిన చోటు ఇది. మల్లేశ్వరం కూడా అలాంటిదే. "ఇక్కడి గాలి తగిలితే సగం రోగాలు పోతాయిరా" అనేవారు తాతగారు. సరిగ్గా ఆ ఇంట్లోనే మా ఆవిడకి ఊపిరాడకుండా పోయింది.

బ్యాంకు ఉద్యోగంలో ఊళ్ళు తిరగడం మామూలే. 2016లో బళ్ళారి నుంచి బెంగళూరుకి బదిలీ అయినప్పుడు, ఇక సొంత ఇంట్లోనే రిటైరు కావచ్చునని సంతోషించాం. బళ్ళారి సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. మండే ఎండ, ఎర్ర దుమ్ము. అక్కడున్న నాలుగేళ్ళలో మా ఆవిడ తుమ్మి ఎరగదు. చల్లని బెంగళూరు వచ్చిన మొదటి వానాకాలంలోనే పొద్దున లేస్తూ ఇరవై తుమ్ములు. రెండో ఏడు తెల్లవారుజామున మూడింటికి పిల్లికూతలు మొదలయ్యాయి. లేచి గోడకి ఆనుకుని కూర్చునేది. నన్ను లేపేది కాదు.

ఉబ్బసం అనగానే మనవాళ్ళలో ప్రతివారూ డాక్టరే. పక్కింటాయన వీధిలోని గుల్‌మొహర్ చెట్టుదే తప్పన్నారు. హోసూరులో ఉన్న మా అక్కయ్య, "ఆ ఊరి గాలి మీకు పడలేదురా, ఇల్లు అమ్మేసి ఇటు వచ్చేయండి" అంది. ఆ మాట బాగా నాటుకుంది. బ్రోకరు రెండుసార్లు వచ్చి కొలతలు కూడా తీసుకున్నాడు.

నగరం గాలి మంచిదేనని నేననను. పిల్లల వైద్యులు హెచ్. పరమేశ్ గారు ఇరవై ఏళ్ళపాటు ఈ ఊళ్ళో ఆస్పత్రికొచ్చిన పిల్లల లెక్కలు తీశారు. 1979లో నూటికి 9 మందికి ఉబ్బసం ఉంటే, 1999 నాటికి అది 29.5 అయింది. ఆ అంకెలు చూశాక ఇల్లు అమ్మడమే మేలనిపించింది.

ఇక నా తప్పు చెప్పాలి. డాక్టరు మా ఆవిడకి రెండు ఇన్‌హేలర్లు రాశారు. నీలం రంగుది ఆయాసం వచ్చినప్పుడు, గోధుమరంగుది బాగున్నా బాగుండకపోయినా రోజూ రెండు పూటలా. నేను బి.కాం. చదివినవాణ్ణి, మందుల సంగతి నాకేం తెలుసు? అయినా, "రోజూ పీలిస్తే అలవాటైపోతుంది, స్టిరాయిడ్ అట, కష్టమైనప్పుడు ఆ నీలంది చాల్లే" అన్నాను. ఆమె మానేసింది.

కార్తీకమాసం చివరి సోమవారం మా పేటలో కడలెకాయ పరిషె. బుల్ టెంపుల్ రోడ్డంతా చెనక్కాయల గుట్టలు, బత్తాసులు, జనం. అప్పటికే ఆమెకి జలుబు. ఆ దుమ్ములో గంటసేపు తిరిగి వచ్చాం. రాత్రి రెండింటికి ఆమె నన్ను లేపింది. "ఏమండీ" అని ఆగింది, ఊపిరి తీసుకుంది, "నా వల్ల" అని మళ్ళీ ఆగింది. ఆ వాక్యం పూర్తి కాలేదు. నీలం ఇన్‌హేలర్ పదిసార్లు కొట్టినా దారికి రాలేదు. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఆక్సిజన్ పెట్టారు, నెబులైజర్ పెట్టారు. తెల్లవారాక కాస్త కుదుటపడింది.

"రోజూ వాడే మందు ఎవరు మానమన్నారమ్మా?" అని అడిగింది డ్యూటీలో ఉన్న లేడీ డాక్టరు. మా ఆవిడ గోడవైపు చూసింది. ముప్పై ఏళ్ళ కాపురంలో నన్ను ఎవరి ముందూ తక్కువ చేయలేదు, ఆ మంచం మీద కూడా చేయలేదు. నేనే చెప్పాను.

ఆ డాక్టరు నన్ను తిట్టకుండా కూర్చోబెట్టి చెప్పింది. ఉబ్బసంలో గాలి గొట్టాల లోపలి పొర ఎప్పుడూ కాస్త వాచే ఉంటుందట. పిల్లికూతలు లేనంత మాత్రాన వాపు లేదని కాదు. నీలందాంట్లోని సాల్బుటమాల్ బిగుసుకున్న కండరాన్ని నాలుగైదు నిమిషాల్లో వదులు చేస్తుంది, వాపు జోలికి పోదు. వాపుని తగ్గించేది గోధుమరంగుదాంట్లోని స్టిరాయిడ్. అది పనిచేయడానికి రోజులు, వారాలు పడుతుంది. మోతాదు మైక్రోగ్రాములలో, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు లెక్కన. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. ఇంటికొస్తూ నా భాషలో అనువదించుకున్నాను: గోధుమరంగుది నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్, నీలంది ఓవర్‌డ్రాఫ్ట్. మా ఆవిడని డిపాజిట్ మాన్పించి ఓవర్‌డ్రాఫ్ట్ మీద బతకమన్నానన్నమాట. (ఇప్పుడు రెండు రకాల మందులూ కలిసిన ఇన్‌హేలర్లు వాడుతున్నారు. నీలందొక్కదాని మీదే ఆధారపడవద్దని 2019 నుంచి అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ఎవరికి ఏది కావాలో వాళ్ళ డాక్టరే చెప్పాలి.)

ఆమె మరో పని కూడా చెప్పింది. పీక్ ఫ్లో మీటరు అని ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. గట్టిగా ఊదితే, నిమిషానికి ఎన్ని లీటర్ల వేగంతో ఊపిరి వదలగలమో ముల్లు చూపిస్తుంది. పొద్దునా సాయంత్రం ఊది అంకె రాయమంది. రాయడం అంటే నాకు చెప్పాలా? గళ్ళు గీశాను: తేదీ, వేళ, అంకె, ఆ రోజు ఎక్కడెక్కడ తిరిగాం, వాన, పొగ, తాలింపు ఘాటు. పది నెలలు రాశాం. ఆ పుస్తకం పుణ్యమా అని, పుట్టి పెరిగిన ఊరిని మొదటిసారి శ్రద్ధగా చూశాను.

ముందు లాల్‌బాగ్‌కి వెళ్ళాం. 1760లో హైదరాలీ మొదలుపెట్టిన తోట. లోపలి రాతిగుట్ట వయసు మూడు వందల కోట్ల ఏళ్ళని బోర్డు ఉంటుంది. సంక్రాంతి దాటాక గులాబిరంగు టబేబుయా పూలు నేలంతా పరుచుకుని ఉన్నాయి. మా ఆవిడ భయపడుతూనే నడిచింది. సాయంత్రం అంకె 350, ఆమెకి దాదాపు గరిష్ఠం. పక్కింటాయన నిందించిన గుల్‌మొహర్ కింద నిలబడినా అంతే. రంగురంగుల పెద్ద పూల పుప్పొడి జిగటగా, బరువుగా ఉంటుంది. దాన్ని మోసేది పురుగులూ పిట్టలూ, గాలిలో అంతగా ఎగరదు. ఆ చెట్టుకి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

అసలు దొంగల్లో ఒకటి బనశంకరిలో మా తమ్ముడి ఖాళీ సైటులో దొరికింది. నడుమెత్తు మొక్కలు, తలనిండా తెల్లని చిన్న పూలు. మనవాళ్ళు వయ్యారిభామ అంటారు, ఇక్కడ కాంగ్రెస్ గిడ. అమెరికా గోధుమలతో పాటు వచ్చిందని చెప్పుకుంటారు. 1950లలో పుణెలో కనబడి దేశమంతా పాకింది. దాన్ని తినే పెంకుపురుగుని మెక్సికో నుంచి తెప్పించి 1984లో మొదట వదిలింది కూడా బెంగళూరులోనే. పురుగు వానాకాలంలో బాగానే తింటుంది గానీ, మొక్క దానికన్నా గట్టిది. ఆ సైటు దగ్గరికి వెళ్ళిన రోజల్లా తుమ్ములు, కళ్ళ దురద. తమ్ముడు మనుషుల్ని పెట్టి, చేతులకి తొడుగులు వేయించి, పూత రాకముందే పీకించాడు.

అయినా పొద్దుటి అంకె మారలేదు. సాయంత్రం 340, తెల్లవారితే 250. ఎక్కడ తిరిగినా, ఎక్కడా తిరగకపోయినా అంతే. మధ్యలో ఒక పెళ్ళికి బళ్ళారి వెళ్ళి ఐదు రోజులున్నాం. మూడో రోజు నుంచి పొద్దుటి అంకె 330కి తగ్గలేదు. ఇంటికొచ్చిన మర్నాడు మళ్ళీ 260. పద్దు సరిపోనప్పుడు తేడా ఎక్కడుందో వెతకడం మా వృత్తి. పగలంతా ఏ గాలి పీల్చినా రాని తేడా రాత్రి పడుకుంటే వస్తోంది. అంటే తేడా ఊళ్ళో లేదు, మంచం మీద ఉంది.

అది తాతగారి బూరుగుదూది పరుపు. ఎన్నిసార్లు ఏకించి కుట్టించామో లెక్కలేదు. మా నాన్న దాని మీదే కన్నుమూశారు. చర్మం మీద సూదితో గీసి చూసే పరీక్ష చేయిస్తే, వయ్యారిభామతో పాటు దుమ్ములో ఉండే కంటికి కనబడని పురుగు కూడా తేలింది. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని పరుపుల్లో బతుకుతుంది. దాని విసర్జన ఊపిరిలోకి పోతే ఉబ్బసం. దానికి తేమ కావాలి. బళ్ళారి పొడి వేడిలో మాడిపోతుంది, బెంగళూరు చల్లదనంలో హాయిగా కాపురం చేస్తుంది, పింఛనుదార్లలాగే.

తమాషా చూడండి. ఇల్లు అమ్మడానికి సిద్ధపడినవాణ్ణి, పరుపు తీసేయడానికి మూడు వారాలు తటపటాయించాను. చివరికి మా ఆవిడే, "నేను బయట పడుకుంటాను లెండి, అది ఉండనివ్వండి" అంది. ఆ మధ్యాహ్నమే మనిషిని పిలిపించి పంపేశాను. కొత్త పరుపుకీ దిండ్లకీ పురుగు దూరని గలీబులు తొడిగాం. దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్ళలో ఉతుకుతాం. అటక మీది పాత బట్టలు పోయాయి, అగరొత్తులు తగ్గాయి. గోధుమరంగు ఇన్‌హేలర్ మాత్రం రోజూ రెండు పూటలా. ఉబ్బసం పోలేదు, పోతుందని డాక్టరు చెప్పనూ లేదు.

బ్రోకరు ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. మొన్న కార్తీకంలో పరిషెకి మాస్కు కట్టుకుని, సంచిలో నీలంది వేసుకుని వెళ్ళాం. హోసూరు అక్కయ్య కూడా వచ్చింది. దారిలో మా ఆవిడ ఆమె ఎదుటే ఆగి, నీలంది తీసి రెండుసార్లు పీల్చి, చెనక్కాయలు సేరెంతని కన్నడంలో బేరమాడింది. రెండు సేర్లు కొన్నాం. మర్నాడు పొద్దుటి అంకె 340.