బ్రాకెట్లలో మిగిలిన పేరు

శామీర్‌పేట చెరువు వైపు పాత ఇళ్ళ గోడల మీద ఒక నల్లటి కందిరీగ తిరుగుతూ కనిపిస్తుంది. పొట్ట చివర మాత్రం నారింజ రంగు. వల కట్టకుండా గోడల మీద తిరిగే పెద్ద సాలీడును అది కుట్టి, చచ్చుబడేలా చేసి, వెనక్కి నడుస్తూ ఏ సందులోకో లాక్కుపోతుంది. దాని మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. మన భ్రమరకీటక న్యాయం ఇలాంటి దృశ్యం చూసే పుట్టి ఉంటుందనిపిస్తుంది. కాకపోతే ఇక్కడ కీటకం భ్రమరంగా మారదు, భ్రమరం పిల్లకి తిండవుతుంది.

శాస్త్రంలో దీని పేరు టాకిపాంపిలస్ అనాలిస్. పాంపిలిడే కుటుంబం. ప్రపంచంలో దాదాపు 5,000 జాతులు, అన్నిటి పిల్లలూ సాలీళ్ళను తినే పెరుగుతాయి. 1781లో ఫాబ్రిసియస్ దీనికి అనాలిస్ అని పేరు పెట్టి, స్ఫెక్స్ అనే ప్రజాతిలో చేర్చాడు. అప్పట్లో స్ఫెక్స్ ఒక పెద్ద గంప, రకరకాల వేట కందిరీగలన్నీ అందులోనే. 1798లో ఆయనే పాంపిలస్‌ని వేరు చేశాడు. 1902లో ఆష్మీడ్ టాకిపాంపిలస్‌ని ఏర్పరిచాడు. అనాలిస్ చివరికి అక్కడ స్థిరపడింది.

ఇన్ని మార్పులెందుకంటే, వీటి రూపాన్ని బట్టి చుట్టరికం చెప్పడం కష్టం. ఒకే ప్రాంతంలో ఉండేవి దగ్గరి బంధువులు కాకపోయినా ఒకే రంగులు వేసుకుంటాయి. కుట్టేవాటి హెచ్చరిక రంగు అందరికీ ఒకటైతే అందరికీ లాభమే కదా. మరోవైపు, ఒకే జాతిలో ఆడా మగా వేరువేరుగా ఉండి, రెండు జాతులుగా నమోదైన సందర్భాలున్నాయి. 2015లో డీఎన్ఏ ఆధారంగా ఈ కుటుంబాన్ని ఐదు ఉపకుటుంబాలుగా మళ్ళీ సర్దారు.

ప్రోగ్రామర్‌ని కాబట్టి నాకు బాగా నచ్చేది ఇందులో ఒక చిన్న నియమం. ప్రజాతి మారితే, మొదట పేరు పెట్టినవాడు బ్రాకెట్లలోకి వెళ్తాడు: టాకిపాంపిలస్ అనాలిస్ (ఫాబ్రిసియస్, 1781). ఇది ఒకప్పుడు ఇంకో ఇంట్లో ఉండేదని ఆ బ్రాకెట్లు చూడగానే తెలిసిపోతుంది.

మా మేడ్చల్‌ కథా ఇలాంటిదే. మా నాన్న సర్టిఫికెట్ మీద హైదరాబాదు జిల్లా. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడింది కాబట్టి నా దాని మీద రంగారెడ్డి. 2016 తర్వాత పుట్టిన మా అమ్మాయి దాని మీద మేడ్చల్-మల్కాజిగిరి. ఇల్లు కదల్లేదు. స్థలం పని మీద ఒక ఆఫీసుకి వెళ్తే, ఈ మూడూ ఒకే ఊరని రుజువేమిటని అడిగారు. నాన్న లింకు డాక్యుమెంట్ల కట్ట విప్పి, ఒక్కో కాగితం వరసగా బల్ల మీద పెట్టాడు. పని జరిగింది.

పేరు మారడం నాకు బాధ కాదు, తెలిసింది పెరిగితే పేరు మారాల్సిందే. కానీ మా వైపు పొలాలకి కూడా పేర్లుండేవి. చెరువు కింద మడి, చింతచెట్టు చేను, ఇలా. ఇప్పుడవి ప్లాట్లయ్యాయి, కొత్త పేర్లతో పెద్ద పెద్ద బోర్డులు లేచాయి. ఆ బోర్డుల మీద బ్రాకెట్లు లేవు.