గెడ్డకు పర్యాయపదం

నాలుగేళ్ళ కిందట, మూడు నెలలుగా జీతం రాని ఒక వేసవిలో, నేనొక అనువాదం చేశాను. మా భోగాపురం ప్రాంతంలో పెట్టదలచిన ఒక పరిశ్రమ వల్ల పరిసరాలకు కలగబోయే మేలుకీళ్ళను గూర్చిన ఇంగ్లీషు నివేదికకు సంగ్రహమది: 16 పేజీలు, పేజీకి 200 రూపాయలు. తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. చేసినవాణ్ణి గదా, భాష నిర్దుష్టంగా వుండాలని మూడు నిఘంటువులు ముందు పెట్టుకు కూర్చున్నాను. 'సీజనల్ స్ట్రీమ్' అన్నచోట 'కాలానుగత జలప్రవాహం' అని రాశాను. 'కామన్ ప్రాపర్టీ రిసోర్సెస్' అన్నచోట 'ఉమ్మడి ఆస్తి వనరులు' అన్నాను. ఆ మాటలు చూసుకొని కొంత గర్వపడ్డానని కూడా ఒప్పుకోవాలి.

ప్రజాభిప్రాయ సేకరణ నాడు మా మేనమామ షామియానా కింద నా పక్కనే కూర్చున్నాడు. ఆ అనువాదం నాదని ఆయనకు తెలియదు. ప్రతిని రెండుసార్లు తిరగేసి, "అల్లుడా, ఇందులో మన గెడ్డ ఏదిరా?" అన్నాడు. నేను ఏడో పేజీ తీసి కాలానుగత జలప్రవాహాన్ని చూపించాను. ఆయన ఆ రెండు మాటలనూ కూడబలుక్కొని చదివి, "ఇదెక్కడుంది? మన వూళ్ళోనేనా?" అన్నాడు.

వానాకాలంలో ఆ గెడ్డ నీరు బందలోకి చేరుతుంది. బంద కింద మడులున్నాయి. వేసవిలో గెడ్డ ఎండి ఇసుక మేట వేస్తుంది. పరాయివాడికి అది ఒట్టి బీడులా కనిపిస్తుంది. ఆ రోజు మాట్లాడిన 20 మందిలో ఒక్కరూ గెడ్డ ఊసెత్తలేదు. ఉద్యోగాలడిగారు, రోడ్డడిగారు. 'ఉమ్మడి ఆస్తి' అని చదివిన ఒకాయన తన దాయాదులతో వున్న తగువు తీర్చమని అధికారికి విన్నవించుకున్నాడు. అందరూ నవ్వారు. నవ్వవలసింది ఆయన్ను చూసి కాదు. పశువులు నిలిచే మందబయలును మందబయలు అనకుండా ఉమ్మడి ఆస్తిగా మార్చినవాణ్ణి చూసి.

ఇది కేవలం శైలికి సంబంధించిన విషయమని మిత్రులనుకోవచ్చు. నేనూ కొంతకాలం అలాగే సరిపెట్టుకున్నాను. కాని చట్టం ఏం చెబుతున్నదో చూడండి. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషను ప్రకారం సంగ్రహం ఇంగ్లీషులోనూ రాష్ట్ర భాషలోనూ వుండాలి. సభకు కనీసం 30 రోజుల గడువివ్వాలి. చివర ఆనాటి అభిప్రాయాల సారాంశాన్ని స్థానిక భాషలో సభికులకు చదివి వినిపించాలి. ఇన్ని జాగ్రత్తలూ ఒకే నమ్మకం మీద నిలిచివున్నాయి: కాగితంలోని తెలుగు, ఎదుట కూర్చున్నవారి తెలుగు ఒక్కటేనని. మినిట్సులో గెడ్డ ప్రసక్తి లేకపోతే, గెడ్డను గూర్చి ఎవరికీ అభ్యంతరం లేదన్నమాట. అంటే ఆ అభ్యంతరాన్ని నోట రాకముందే 200 రూపాయలకు నేను మింగేశాను.

పారిభాషిక పదాలు ఖచ్చితంగా వుండాలి, పల్లెటూరి మాటలు కోర్టులో నిలవవు అని మా శాఖలోనే ఒక పెద్దాయన వాదించారు. విచిత్రమేమంటే 'గెడ్డ' ఏనాడో చట్టంలోకెక్కిన మాట. మా రెవెన్యూ లెక్కల్లో 'గెడ్డ పోరంబోకు' అని రాసి వుంటుంది. నీరు పారే ఆ జాతి భూమిని ఎవరికీ పట్టాగా ఇవ్వకూడదని పాత బోర్డు ఉత్తర్వులే వున్నాయి. రక్షణ ఆ మాటను అంటిపెట్టుకొని వుంది. మాటను తీసేస్తే, సర్వే నంబరు పట్టుకొని వెతికేవాడికి తప్ప రక్షణ కనిపించదు.

'సేకరణ' సంగతి మరొకటి. ఇంగ్లీషులో దానిని 'హియరింగ్' అంటారు, అనగా అధికారి వినాలి. తెలుగులో అది 'సేకరణ' అయింది. 2014 జనవరి 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టం కింద 2015లో భోగాపురం విమానాశ్రయానికి ప్రకటనలు వెలువడినప్పుడు మావాళ్ళు నేర్చుకున్న మాట 'భూసేకరణ'. అమరావతి నుంచి 'భూసమీకరణ' కూడా వచ్చింది. ఈ రెంటికీ తేడా తెలుసుకోవడానికే కొందరికి ఏడాది పట్టింది. మా మామ అన్నాడు: "బూమి సేకరించినారు, బూమెల్లిపోనాది. అబిప్రాయం సేకరించినారు, అదీ ఎల్లిపోనాది." నా ఎం.ఏ.లో ఇంతకు మించిన అర్థవిచారం నాకెవరూ చెప్పలేదు.

2020లో ఈ నోటిఫికేషన్ను మార్చే ముసాయిదా వచ్చినప్పుడు, దానిని ఎనిమిదవ షెడ్యూలులోని భాషలన్నిటిలోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న ఆదేశించింది. కేంద్రం దానిపై సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అనువాదం కావాలని మనం అడగడం న్యాయమే. కాని ఆ అనువాదం చేసేది నావంటివాడే గదా! స్పెయిన్‌లోని బాస్కు ప్రజలు చిన్న జాతి. ఫ్రాంకో చచ్చిన రెండేళ్ళకే, 1977లో, పారిభాషిక పదాల కోసం ఉజెయి అనే సంస్థ పెట్టుకున్నారు. పర్యావరణానికి వారి మాట 'ఇంగురుమెన్'. 'ఇంగురు' అంటే చుట్టూ వున్నది. అది అక్కడి పిల్లలు కూడా వాడే మాట. మన 'పర్యావరణం'లోని 'పరి'కీ అదే అర్థం. కాని దానిని విడదీసి చెప్పడానికి నావంటి ఒక లెక్చరరు కావాలి.

1914లో మదరాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసిన గురజాడ ఈ విజయనగరంవాడే. గిడుగు శ్రీకాకుళం సీమవాడు. వారి పోరాటం పాఠ్యపుస్తకాల్లో గెలిచింది, కలెక్టరాఫీసు గుమ్మం దగ్గర ఆగిపోయింది.

ఆ సభ జరిగిన నెలకు, సంగ్రహం తెలుగు చేసింది నేనేనని మామకు చెప్పాను. ఆయన కోప్పడలేదు, అదే నాకు కష్టంగా తోచింది. అడంగలు నకలు జతచేసి, గెడ్డను గెడ్డ అనే పేర్కొంటూ ఇద్దరం ఒక అర్జీ పెట్టాం. దానికింకా జవాబు రాలేదు. ఈ ఏడు మా విద్యార్థుల చేత ఇలాటి మాటల జాబితా రాయిస్తున్నాను. ముక్కాం నుంచి వచ్చే కుర్రవాడు వలల పేర్లతోనే నాలుగు పేజీలు నింపాడు. గెడ్డకు ఎదురుగా నేను 'చిన్న ఏరు' అని రాస్తే మామ చూసి కొట్టేయమన్నాడు. ఏరు వేరట, గెడ్డ వేరట. మరేమని రాయమంటావంటే, "గెడ్డని రాయి" అన్నాడు.