నరికితేనే నిలిచే అడవి

దక్షిణ ఇంగ్లండ్‌లో వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా సాగే సౌత్ డౌన్స్ సుద్దకొండల మీద పొద్దున్నే నడిచే మనవాళ్లు, ఇక్కడివాళ్లు ప్రకృతిని ముట్టుకోకుండా కాపాడుకున్నారని మెచ్చుకుంటారు. నా దృష్టిలో ఆ మెప్పు సరైనదే, చెప్పే కారణమే తప్పు. ఈ నేల మనిషి చేయి పడుతూనే ఉన్నందువల్ల ఇంత అందంగా మిగిలింది. కొండల నడుమ తోపుల్లో హేజెల్ చెట్లను కొన్నేళ్లకోసారి మొదలంటా నరుకుతారు. మోడు నుంచి పిలకలు లేస్తాయి, ఆ కర్రలతో దడులు అల్లుతారు. నరికిన చోట ఎండ నేలకు తగిలి ప్రిమ్‌రోజ్‌లు, వయొలెట్లు విరగబూస్తాయి. కర్రకు గిరాకీ పోయి నరకడం మానేసిన తోపుల్లో నీడ ముదిరి ఆ పూలూ, వయొలెట్ ఆకు తిని పెరిగే సీతాకోకచిలుకలూ తగ్గిపోయాయి. లేత ఆకు కోసం వేసవికి ముందు తునికి పొదలను కొట్టే తెలంగాణ అడవిపల్లెలకు ఈ లెక్క కొత్తేమీ కాదు.

కొండ మీది పచ్చిక కథ ఇంకా స్పష్టం. సుద్ద మీద మట్టి పలచన, సారం తక్కువ. గొర్రెలూ కుందేళ్లూ మేస్తూ ఉంటే ఏ గడ్డీ పెత్తనం చేయలేదు, అందుకే ఒక్క చదరపు మీటరులో 40 రకాల మొక్కలు కూడా కనిపిస్తాయి. 1953లో మిక్సొమటోసిస్ అనే జబ్బు వచ్చి కొన్నేళ్లలోనే నూటికి తొంభైకి పైగా కుందేళ్లు చచ్చిపోయాయి. గొర్రెలు అప్పటికే తగ్గాయి. గడ్డి ఎత్తుగా పెరిగింది, ముళ్లపొదలు కమ్ముకున్నాయి, పొట్టిగడ్డిలోనే బతకగల అడోనిస్ బ్లూ సీతాకోకచిలుక చాలా చోట్ల కనుమరుగైంది. మేత తిరిగి మొదలైన వాలుల్లో అది మళ్లీ కోలుకుంది.

వదిలేస్తే ప్రకృతి తన దారి తాను చూసుకోదా అంటారు కొందరు, ఇక్కడి సస్సెక్స్‌లోనే ఉన్న నెప్ ఎస్టేట్‌ను చూపిస్తారు. అక్కడ నైటింగేళ్లు తిరిగొచ్చిన మాట నిజం. అయితే అక్కడా పశువులనూ పందులనూ గుర్రాలనూ మనుషులే తెచ్చి వదిలారు, మంద పెరిగితే వాళ్లే తగ్గిస్తున్నారు. ఈ కొండల్లోనే ఉన్న కింగ్లీ వేల్ లోయలోని ముసలి యూ చెట్లకు గొడ్డలితో పని లేదని ఒప్పుకుంటాను, కానీ ఆ నీడ కింద పూలూ లేవు. నరకాలన్న నా వాదనను అడ్డం పెట్టుకుని అడవులు కొట్టేస్తారన్న భయం అంతకంటే బలమైనది. దానికి హద్దు ఒకటే: మొదలు బతకాలి, ఒక ముక్క నరికితే పక్క ముక్క పెరుగుతూ ఉండాలి. వేరుతో పెకలించేవాడికి ఇందులో సాక్ష్యం దొరకదు.

చలికాలంలో పొదలు కొట్టడానికి సౌత్ డౌన్స్ నేషనల్ పార్కులో స్వచ్ఛంద రేంజర్లు పనిచేస్తారు. ఈ కొండల్లో నడిచే తెలుగువాళ్లు ఏడాదికి ఒక్క రోజైనా ఆ పనిలో చేయి కలపాలని నా విన్నపం.