పలనాటి బాటలు – బండిమీది బరువు

మోటారుబండికి ఎట్టి టాపు కేరియరు కొనవలెనను ప్రశ్న స్త్రీలు చదువు పత్రికలో ఏల యని కొందరు నవ్వవచ్చును. కాని ప్రయాణమునకు మూటలు గట్టువా రెవరు? ఏది పైన పెట్టవలెనో, ఏది చేతి కందునట్లు ఉంచవలెనో నిర్ణయించువా రెవరు? ఆ పని మనదైనపుడు, ఆ మూటలను మోయు సాధనమును గూర్చి తెలిసికొనుటయు మనపనియే గదా! అందును పలనాట తిరుగువారికి ఈ తెలివి మిక్కిలి అవసరము.

నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా 2022 వ సంవత్సరము ఏప్రిల్ 4 వ తేదీన ఏర్పడినది. జిల్లా క్రొత్తదేగాని సీమ మిగుల ప్రాచీనమైనది. ఒకవైపున కృష్ణవేణి, మరియొకవైపున నల్లమల కొండల అంచు, నడుమ నాపరాళ్లు, నల్లరేగడి. శ్రీనాథునివిగా వ్యాపించిన చాటువులలో ఈ సీమ జొన్నకూడు ఎంత యెగతాళికి పాత్రమైనదో మన మెరుగుదుము. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10 వ తేదీన శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4 వ తేదీన కాలువలకు నీరు వదలిన పిమ్మట, కుడికాలువ పారినచోట్ల వరియు మిరపయు పండుచున్నవి. నీరు వచ్చినది గాని నేలగుణము మారలేదు. నాపరాతి అంచులు కత్తులవలె టైరులను కోయును. రేగడి ఎండినపుడు నెఱ్ఱెలు విచ్చును; తడిసినపుడు చక్రమునకు చుట్టుకొని విడువదు. ఇక రెంటచింతల యెండలను గూర్చి వేరుగా చెప్పవలసిన పనిలేదు. పెద్దరోడ్లు బాగుగనే యున్నవి. రోడ్డు దిగి పొలమువైపు మళ్లిన పిమ్మటనే బండికిని, బండి సర్దినవారికిని అసలు పరీక్ష.

మా అత్తగారికి డెబ్బది రెండేండ్లు, మోకాళ్లనొప్పి. ఆమె పుట్టినిల్లు వెల్దుర్తివైపు ఒక చిన్నపల్లె. బస్సు దిగిన తరువాత పొలముబాటను చాలదూరము నడువవలెను. అందుచే నాలుగేండ్లుగా ఆమె అచటికి పోలేదు. అచట నున్న తమ్ముడు మంచము పట్టియున్నాడు, అతడు రాలేడు. మా వారు బడిపంతులు. కొంత కూడబెట్టి, నాలుగుచక్రములకును ఇంజనుబలము అందునట్టి పాతజీపు నొకదానిని కొన్నారనగా, అది ముఖ్యముగా ఈ ప్రయాణమునకే. కార్తిక అమావాస్యకు కారెంపూడి వీరుల తిరునాళ్ల చూచి, గురజాల, మాచర్లమీదుగా పుట్టింటికి చేరవలెనని ఆమె కోరిక. మే మిద్దరము, పిల్ల లిద్దరు, అత్తగారు, ఆడపడుచు — ఆరుగురము లోపల కూర్చున్న పిమ్మట పడకలకు చోటు లేదు. కనుక కప్పుమీద కేరియరు కావలసివచ్చెను.

గుంటూరులో ఒక అంగడికి పోయితిమి. అంగడియతడు నల్లరంగు వేసిన పెద్ద ఉక్కు కేరియరు చూపి, "మాస్టారూ! ఇది కప్పు పొడవంతయు వచ్చును. ముందు నాలుగు దీపములు, వెనుక నిచ్చెన, ప్రక్కన డీజిలుడబ్బా పెట్టుకొనుటకు చోటు. దీనిమీద ఏనుగును ఎక్కించినను చెక్కుచెదరదు" అనెను. కేరియరు చెదరకపోవచ్చును, దాని క్రింది కప్పు మాటయేమి? దీని తూనిక యెంత యని మేమడిగితిమి. అతనికి తెలియదు. ప్రక్క కొట్టులోని కాటామీద పెట్టించగా 38 కిలోలు తూగెను.

బండితో వచ్చు చిన్నపుస్తకమున కప్పు ఎంత బరువును మోయగలదో వ్రాసియుండును. అన్నిటికంటె ముందు చూడవలసినది ఆ అంకె. మా బండికి 75 కిలోలని యుండెను. ఇందు కేరియరు బరువు కూడ చేరునని చాలమంది గమనింపరు. అదియుగాక, ఆ అంకె చదునైన రోడ్డుకు. గతుకులలో బండి ఎగిరిపడినపుడు పైబరువు రెట్టింపు బలముతో కప్పును గుద్దును. కావున రాళ్లబాటలలో ఆ పరిమితిని ఒకటిన్నరచే భాగింపవలెనని కొందరు కేరియరు తయారీదారులే చెప్పుచున్నారు. ఆ లెక్కన మాకు మిగిలినది 50 కిలోలు. అందు 38 కిలోలు ఉక్కుకే పోయినచో మన సామానుకు 12 కిలోలు! రెండు బొంతలకు చాలదు. అల్యూమినియము కేరియరు, చిన్నది, 18 కిలోలు తూగెను. మిగులు 32 కిలోలు. ధర కొంత హెచ్చే. కాని దీపములు, నిచ్చెన మానుకొనగా లెక్క సరిపోయెను.

బండి జాతినిబట్టి కూడ కప్పు మారును. ఇతరదేశములలో అమ్మిన మూడు తలుపుల జిమ్నీకి కప్పుబరువు 30 కిలోలే. గుడ్డకప్పు బండికి కేరియరు పనికిరాదు. ఫైబరుకప్పు బండియైనచో, బరువును కప్పుపై గాక క్రింది ఉక్కుదేహముపై మోపు చట్రము కావలెను. మా జీపు రేకుకప్పుది; వాననీరు జారు గట్టి అంచు ఇరువైపుల కలదు. ఆ అంచును పట్టుకొను బిగింపులు గల కేరియరు తీసికొంటిమి. కప్పునకు తూట్లు పొడిచి బోల్టులు వేయుటకు ఒప్పుకొనరాదు. మొదట నీరు కారును, తరువాత త్రుప్పు పట్టును. ఇనుమును ఇనుమును ఒరయుచోట రబ్బరుముక్క వేయింపవలెను.

ఇంటికి వచ్చి ఈ సంగతులు చెప్పగా అత్తగారు నవ్వి, "అమ్మాయీ! దీనికి పుస్తకమెందుకే? గడ్డిబండిని చూడలేదా? గడ్డి తేలికయే, కాని వామివలె ఎత్తుగా వేసిన బండి చిన్నగట్టు ఎక్కినను ఒరుగును. అంతే బరువుగల వడ్లబస్తాలు వేసిన బండి ఒరగదు. బరువుకంటె ఎత్తే మనిషిని చంపును" అనిరి. మరల ఆమెయే, "ముందు ఎక్కువైన కాడి ఎద్దుల మెడలు నొక్కును; వెనుక ఎక్కువైన కాడి లేచి పలుపులు గొంతు బిగించును. నడుమ వేయవలె" అనిరి. మోటారుబండికిని ఇదియే సూత్రము. బరువైనది క్రిందను, రెండు ఇరుసులకు నడుమను ఉండవలెను, పైన తేలికవే. ఇంజనీర్లు గురుత్వకేంద్రమని చెప్పునది మన ముసలివా రెరిగిన గడ్డిబండి మర్మమే.

ఆ ప్రకారము సర్దితిమి. ఇరువది లీటర్ల మంచినీళ్ల డబ్బా అనగా ఇరువది కిలోలు; అది ముందుసీట్ల వెనుక నేలమీద. జాకీ, పనిముట్లు, వంటపాత్రలు క్రిందనే. స్టెప్నీ వెనుకతలుపునకు బిగించియే యున్నది, దానిని పైకెక్కింపలేదు. డీజిలుడబ్బా తీసికొననే లేదు. నరసరావుపేట, గురజాల, మాచర్ల ఊళ్లలో బంకులుండగా ఎండలో నెత్తిమీద నిప్పు మోయనేల? పైన పడకలు 12 కిలోలు, బట్టలసంచి 7, టార్పాలిను, చాపలు 4, బురదలో చక్రముక్రింద వేయు ప్లాస్టిక్కు పలకలు రెండు 6 — మొత్తము 29 కిలోలు.

కట్టుటయందును నేర్పు కావలెను. సాగెడు రబ్బరుత్రాళ్లను నమ్మరాదు. కుదుపునకు సాగి మూటను వదలును. నార, నూలు త్రాళ్లు తడిసి బిగిసి, ఎండిన పిమ్మట వదులగును. బిగింపుమర గల పట్టీబెల్టులు నాలుగు చాలును. పట్టీని ఒక్కమెలిక త్రిప్పి కట్టినచో గాలికి బుయ్యిమని మ్రోగదు. కేరియరుతో కలిపి బండియెత్తు టేపుతో కొలిచి, ఆ అంకె చీటిపై వ్రాసి డ్రైవరు ఎదుట అంటించితిమి. రైలుకట్టక్రింది దారియు, చింతకొమ్మయు మన మరచితిమని విడిచిపెట్టవు.

అంగడియతడు ముందు బంపరునకు ఇనుపకమ్మీలు వేసెదననెను. వలదంటిమి. అవి ఎదుట నడచువారికి ప్రాణాంతకములు. గాలిసంచులు గల బండ్లలో ఆ సంచులు సమయమునకు విచ్చుకొనుటకును అడ్డు. అట్టివానిపై చర్య తీసికొనుడని కేంద్రప్రభుత్వము 2017 డిసెంబరులో రాష్ట్రములకు వ్రాసినది. బండిని నమోదుపత్రమున నున్న వివరములకు భిన్నముగా మార్పరాదని 2019 జనవరిలో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. మిగిలిన పైకముతో లాగుడుబెల్టు, గాలికొలత, చిన్న గాలిపంపు, జాకీక్రింద వేయుటకు మందమైన చెక్క, చేతిపార కొంటిమి. రేగడిలో చెక్కలేని జాకీ బండిని ఎత్తదు, తానే దిగును. ఇంకను మిగిలినది రెండు మంచి టైరులకు వెచ్చించితిమి. నాపరాళ్లసీమలో కప్పుమీది నాలుగు దీపములకంటె నేలమీది నాలుగు టైరులే ముఖ్యము.

కార్తిక అమావాస్యనాడు బయలుదేరి కారెంపూడి చేరితిమి. క్రొత్తగా బిగించిన కేరియరు కుదుపులకు కుదురుకొని వదులగుట సహజము కనుక, చేరగానే మా వారు స్పానరుతో మరల బిగించిరి. పండ్రెండవ శతాబ్దమున పలనాటి వీరులు తమలో తాము పోరి కూలిన నాగులేటి యొడ్డు ఇదియే. ఏటేట ఐదుదినములు — రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు — వారిని తలచుకొందురు. కులభేదము లేక అందరు కలిసి భుజించు చాపకూడు బ్రహ్మనాయని పేర నేటికిని జరుగుచున్నది. తిరునాళ్లకు వచ్చు జీపులు, ఆటోలు లోపల నిండి, కప్పులమీద సయితము జనము కూర్చుండిరి.

అది చూచి మా పిల్లవాడు, "అమ్మా! మన కేరియరుమీద నేనును కూర్చుందునా?" అని అడిగెను. పదేండ్లవాడు, వాని బరువు 28 కిలోలు. కప్పుమీద ప్రయాణింపరాదని 1988 నాటి మోటారువాహనముల చట్టము 123 వ సెక్షను శాసించుచున్నది. కాని పిల్లవానికి చట్టముకంటె గడ్డిబండి బాగుగ తెలియును. "మూటను కట్టినాము, నిన్ను కట్టగలమా?" అనగా వాడు మూతి ముడిచికొని లోపలనే కూర్చుండెను. ఉత్సవమునకు పోవు తల్లులందరు ఈ ఒక్కచోట కఠినముగా నుండవలె నని మా మనవి.

మరునాడు నాయకురాలి గురజాల, రెంటచింతలమీదుగా మాచర్ల పోయి చెన్నకేశవుని సేవించితిమి. చంద్రవంక డెబ్బది యడుగుల ఎత్తునుండి దూకు ఎత్తిపోతలను పిల్లలు కన్నులార చూచిరి. ఆ రాత్రి వాన కురిసెను.

తెల్లవారి వెల్దుర్తివైపు రోడ్డు దిగితిమి. ఒకప్రక్క గట్టు, ఒకప్రక్క మురుగుకాలువ, నడుమ ట్రాక్టరు చక్రముల గాళ్లు. ఒకచోట ఎడమచక్రములు గాడిలో దిగి బండి కాలువవైపు ఒరిగెను. మా వారు బండి నాపిరి. పిల్లలను, ఆడపడుచును గట్టువైపు దింపితిమి. అత్తగారు దిగలేరు, ఆమె కమ్మీని పట్టుకొని, "కదల్చకురా అబ్బాయీ, మొదట చక్రముక్రింద త్రవ్వు" అనిరి. పార చేతి కందినది. పలకలు కేరియరు వెలుపలి అంచుననే కట్టియుండుటచే మూటలు విప్పక ఊడదీసితిమి. బురద త్రవ్వి పలకలు దూర్చి, మెల్లగా కదల్పగా జీపు లేచి గట్టినేల యెక్కెను. ఆ యొరుగునపుడు కప్పుమీద 29 కిలోలకు బదులు నూటయేబది కిలోలు ఉండియున్నచో ఏమగునో మేము వ్రాయ నక్కరలేదు.

బండి పుట్టింటివాకిట ఆగెను. తమ్ముడు మంచముమీదనుండియే, "అక్కా, వచ్చినావా?" అనెను. ఆమె చాలసేపు మాటాడక అతని తల నిమురుచుండిరి.

సోదరీమణులారా! కేరియరు కొనబోవునపుడు అంగడిలో దాని సొగసు చూడకుడు; మొదట బండిపుస్తకము తెరువుడు. కేరియరును తూపించుడు. పోవు బాట ఎట్టిదో తలచుకొనుడు. పైకెక్కింపవలె ననుకొన్న ప్రతివస్తువును ఇది లేకున్న నడువదా యని ఒకమారు ప్రశ్నింపుడు. నడుచునన్నచో ఇంటనే విడువుడు. ప్రయాణము ముగిసిన పిమ్మట కేరియరు ఊడదీసి దాచుడు. ఖాళీ కేరియరు గాలిని అడ్డగించి ఇంధనము త్రాగును. తలమీద నీళ్లబిందె పెట్టుకొని పొలముగట్లు దాటిన మన పెద్దల సంతతివారమైన మనకు ఈ విద్య క్రొత్తది కాదు. తలమీద ఎంత మోయవచ్చునో ఎరిగి ఎత్తుకొనువారికి బాట యెట్టిదైనను భయములేదు.